ఈము గంతుల వెనుక ఏముంది?

అనంతపురం జిల్లాలో చీనీ తోటల మధ్య ఇంకా అక్కడక్కడా మిగిలిన ఈము దొడ్ల దగ్గర సాయంత్రం పూట కాసేపు నిలబడితే ఒక వింత చూడవచ్చు. అప్పటిదాకా తల వంచి నేల మీద గింజలు ఏరుకుంటున్న పక్షి ఉన్నట్టుండి మెడ నిటారుగా ఎత్తుతుంది. ఎవరో తరుముతున్నట్టు పరుగు అందుకుంటుంది. నాలుగు అంగలు నేరుగా వేసి ఎడమకు మళ్లుతుంది, ఆ ఊపులోనే కుడికి తిరుగుతుంది. మధ్యలో గాలిలోకి ఎగిరి, ఎదుట ఏ శత్రువూ లేకపోయినా కాలు బలంగా ఝాడిస్తుంది. ఒక్కోసారి దబ్బున కూలబడి, మట్టిలో దొర్లి, లేచి, ఈకలు విదిలించుకుని మళ్లీ మొదలుపెడుతుంది. దాన్ని చూసి పక్కనున్న రెండు మూడు పక్షులు కూడా పరుగులో కలుస్తాయి. కొద్దిసేపటికే అంతా సద్దుమణుగుతుంది. మళ్లీ తలలు వంచి మేతలో పడతాయి.

ఇది ఎందుకని అడిగితే పెంచేవాళ్ల దగ్గర జవాబులకు కొదవ లేదు. వాన వచ్చే సూచన అని ఒకరు, పాము కంటబడి ఉంటుందని ఒకరు, జత కోసం ఎగురుతున్నాయని ఒకరు, ఎండకు తల తిరిగిందని మరొకరు అంటారు. వీటిలో ఏదీ కొట్టిపారేయదగింది కాదు. చిక్కు కూడా అక్కడే ఉంది. బయటికి ఒకే తీరున కనిపించే గంతుల వెనుక భయం ఉండవచ్చు, జత కోరిక ఉండవచ్చు, జబ్బు ఉండవచ్చు, నిజంగా ఆటే కావచ్చు. వీటిని విడదీయడం ఎలాగో చూద్దాం. ఈముకు ఆట ఉందనే నా అభిప్రాయం. అయితే అది కడుపు నిండి, బెదురు లేకుండా ఉన్న పక్షికే వస్తుంది. అందుకే ఈ గంతులు పక్షి మనసు గురించి ఎంత చెబుతాయో, దాన్ని ఉంచిన దొడ్డి గురించి కూడా అంతే చెబుతాయి.

ఈము ఆస్ట్రేలియా పక్షి. నిప్పుకోడి తర్వాత ప్రపంచంలో అంత ఎత్తున్న పక్షి ఇదే. నిలువెత్తున సుమారు 1.9 మీటర్ల దాకా పెరుగుతుంది, గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. మన దేశంలో ఈ పెంపకం తొలినాళ్లలోనే ఊపందుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. గుడ్లు, పిల్లలు తిరిగి కొంటామన్న హామీలను నమ్మి, నూనెకూ మాంసానికీ తోలుకూ గిరాకీ వస్తుందని ఆశపడి చాలామంది రైతులు పెట్టుబడి పెట్టారు. 2012లో తమిళనాడులోని పెరుందురై కేంద్రంగా నడిచిన పథకాలు కుప్పకూలాక ఆ గిరాకీ ఉత్తదేనని దక్షిణాది అంతటా తేలిపోయింది. దాణా ఖర్చు భరించలేక కొందరు అయినకాడికి అమ్ముకున్నారు, కొందరు పక్షులను వదిలేశారు. పెంపకంలో ఈము పాతికేళ్లు దాటి బతకగలదు కాబట్టి ఆనాడు కొన్న పిల్లల్లో కొన్ని ఇప్పటికీ ఎవరో ఒకరి తోటలో తిరుగుతూనే ఉండి ఉంటాయి. లాభం వస్తుందని తెచ్చుకున్న ప్రాణి, లాభం రాదని తేలాక కూడా ప్రాణే. దాని ప్రవర్తనను అర్థం చేసుకోవడం మన బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను.

ఆట అని ఎప్పుడు అనవచ్చు?

జంతువుల ఆట గురించి దశాబ్దాలుగా పరిశోధించిన టెనెసీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త గోర్డన్ బుర్గార్ట్ ఇందుకు ఐదు షరతులు పెట్టారు. ఐదూ కలిస్తేనే ఆట. మొదటిది, ఆ పని ఆ క్షణంలో బతుకుతెరువుకు పూర్తిగా పనికొచ్చేది కాకూడదు. రెండోది, ఎవరి బలవంతమూ లేకుండా, దానికదే హాయిగా ఉండి చేయాలి. మూడోది, అసలు పనికంటే తీరులో తేడా ఉండాలి: అతిగానో, సగంలో ఆపేసినట్టో, తికమకగానో, వయసుకు ముందే వచ్చినట్టో ఉండాలి. నాలుగోది, మళ్లీ మళ్లీ చేయాలి గానీ అచ్చుగుద్దినట్టు ఒకే తీరున చేయకూడదు. ఐదోది, ఆకలి, భయం, జబ్బు, ఎముకలు కొరికే చలి లాంటి ఒత్తిడి లేని వేళలోనే మొదలవ్వాలి.

ఈ కొలబద్దతో చూస్తే సాయంత్రపు పరుగు బాగానే నిలబడుతుంది. తరిమేది లేదు, తినేది లేదు, జత లేదు. ఎదుట ఎవరూ లేకుండా తన్నడం అసలు పోట్లాటలోని ఒక ముక్క మాత్రమే. ప్రతిసారీ వరస మారుతుంది: ఒకసారి తన్ను ముందు, ఒకసారి పడిపోవడం ముందు. పచ్చిక బయలు చూడగానే తోకెత్తి పరుగెత్తే లేగదూడను చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. దూడ విషయంలో ఆట అనడానికి మనం ఏమాత్రం సందేహించం. పక్షి అయ్యేసరికి వెనుకాడతాం.

వెనుకాడటానికి కారణం లేకపోలేదు. పక్షుల్లో ఆటకు పేరుపడ్డవి చిలుకలు, కాకి జాతులు. న్యూజిలాండ్ కొండల్లో ఉండే కియా చిలుకకు ఆటకు పిలిచే ప్రత్యేకమైన కూతే ఉంది. ఆ కూతను రికార్డు చేసి వినిపిస్తే అడవిలోని కియాలు అక్కడికక్కడే ఆటలో పడ్డాయని 2017లో పరిశోధకులు ప్రచురించారు. ఈ జాతుల మెదడు శరీరం లెక్కన పెద్దది. పిల్లలు చాలాకాలం తల్లిదండ్రుల నీడలో ఉంటాయి. ఆస్ట్రేలియా పక్షుల మీద గిసెలా కాప్లాన్ 2020లో ప్రచురించిన పరిశీలన కూడా ఇటే చూపింది. ఆటకూ మెదడు పరిమాణానికీ బంధం కనిపించింది. పనిముట్లు వాడటానికీ మెదడు పరిమాణానికీ మాత్రం అలాంటి బంధం కనిపించలేదు. మరి ఈము మెదడు శరీరం లెక్కన చిన్నది. పిల్ల గుడ్డు నుంచి వచ్చిన కొద్ది రోజులకే గూడు వదిలి నడుస్తుంది, తన తిండి తానే ఏరుకుంటుంది. లెక్కప్రకారం ఇది ఆడకూడదు. కానీ గంతులేస్తోంది. ఈ చిక్కుముడి విప్పాలంటే ముందు ఆట కానివన్నీ పక్కన పెట్టాలి.

ఆటలా కనిపించేవి

అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది జతకట్టే కాలపు ప్రవర్తన. పగటి పొద్దు కురచవుతున్న కొద్దీ ఈములో జతకట్టే కోరిక మేల్కొంటుంది. ఆస్ట్రేలియా భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది కాబట్టి అక్కడ గుడ్ల కాలం మన ఎండాకాలంలో మొదలవుతుంది. మన దగ్గర మాత్రం అక్టోబరు నుంచి ఫిబ్రవరి, మార్చి దాకా గుడ్లు పెడతాయి. మనుషులు ఖండాంతరం దాటించినా పక్షి ఒళ్లు పొద్దును బట్టి క్యాలెండర్ తిరగరాసుకుంది. ఈ కాలంలో ఆడ ఈము మెడలోని గాలితిత్తిని ఉబ్బించి డప్పు మోగినట్టు గంభీరమైన శబ్దం చేస్తుంది, మగపక్షి చుట్టూ తిరుగుతుంది. మగది ఈకలు నిక్కబొడుచుకుని మెడ వంచి ఊగుతుంది. మగపక్షి కోసం ఆడపక్షులే ఒకదాన్నొకటి తరుముకుంటాయి, తన్నుకుంటాయి. చూసేవాళ్లకు ఇదంతా చిందులాటే. కానీ దీని ఫలితం గుడ్లు, గూడు. బుర్గార్ట్ మొదటి షరతు దగ్గరే ఇది పోతుంది.

మన నేలకు ఇలాంటి ప్రదర్శన కొత్త కాదు. నందికొట్కూరు సమీపంలోని రోళ్లపాడులో 1988లో అభయారణ్యం ఏర్పాటైంది బట్టమేక పిట్ట కోసమే. గడ్డి మైదానంలో మగ బట్టమేక పిట్ట తోక పైకెత్తి, గొంతు తిత్తిని కిందికి వేలాడేలా ఉబ్బించి బొంగురుగా కూసేది. ఇప్పుడు అక్కడ ఆ పక్షి కంటబడటమే గగనమైంది. ఆ నష్టం గురించి రాయాలంటే వేరే వ్యాసం కావాలి. ఇక్కడికి కావలసినంత వరకు చెప్పాలంటే, దాని ప్రదర్శనను ఎవరూ ఆట అనలేదు, దాని వెనుక ప్రయోజనం స్పష్టంగా ఉంది కనుక. ఈము విషయంలోనూ అదే జాగ్రత్త కావాలి. జతకాలంలో పెద్ద పక్షులు వేసే గంతులను ఆట ఖాతాలో వేయకుండా, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కనిపించేవాటినీ, ఇంకా జత వయసు రాని పిల్లలవాటినీ ముందు చూడటం మంచిది.

రెండోది భయం. భయపడ్డ ఈము పరుగుకూ ఆట పరుగుకూ చివర్లో తేడా తెలుస్తుంది. బెదిరిన పక్షి కంచె వెంట ఒకే వైపుకు పోతుంది, ఆగాక కూడా మెడ నిటారుగా పెట్టి బెదురు వచ్చిన దిక్కునే చూస్తూ ఉంటుంది, మేతకు వంగదు. ఆట ముగిసిన పక్షి వెంటనే మేతలో పడుతుంది, లేదా మళ్లీ మొదలుపెడుతుంది.

మూడోది జబ్బు, ఇది పెంచేవాళ్లు తప్పక గుర్తుంచుకోవాల్సింది. కోళ్లకు వచ్చే కొక్కెర తెగులు ఈములకూ రావచ్చు. మెడ మెలితిరగడం, తూలడం, తూలి పడిపోవడం దాని లక్షణాల్లో ఉన్నాయి. పడి దొర్లిన పక్షి చటుక్కున లేచి విదిలించుకుంటే దిగులు పడాల్సింది లేదు. లేవడానికి తంటాలు పడుతున్నా, మెడ తిన్నగా నిలవకపోయినా, మేత ముట్టకపోయినా, పచ్చటి నీళ్ల విరేచనాలు ఉన్నా పశువైద్యుణ్ణి పిలవాల్సిందే.

ఇక నాలుగోదాన్ని తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. ఇరుకు దొడ్డిలో ఈము కంచె వెంట అటూ ఇటూ గంటల తరబడి తిరుగుతుంది. తోటి పక్షి ఈకలు పీకుతుంది. ఇది మళ్లీ మళ్లీ చేసేదే. బలవంతం చేసేవాళ్లూ ఎవరూ లేరు. అందువల్ల చూడవచ్చినవాళ్లు ఎంత హుషారుగా తిరుగుతోందో అని మురిసిపోతారు. కానీ ఇది అచ్చుగుద్దినట్టు ఒకే దారిలో, ఒకే మలుపులో సాగుతుంది. నాలుగో షరతు సరిగ్గా దీన్ని వేరు చేయడానికే ఉంది. ఆటలో ప్రతిసారీ ఏదో ఒకటి మారుతుంది. కుమిలిపోతున్న పక్షి నడకలో ఏదీ మారదు.

నీళ్ల సంగతి మాత్రం ఇంత తేలిగ్గా తేలదు. నీటి గొట్టం పట్టగానే ఈములు పరుగున వచ్చి ధార కింద కూర్చుంటాయి, పక్కకు దొర్లుతాయి, కాళ్లు కొడతాయి, లేచి ఒక చుట్టు చుట్టి మళ్లీ వచ్చి పడతాయి. అనంతపురం ఎండల్లో ఇది చల్లదనం కోసమే అనుకోవడం సహజం. అయితే ఈము ఎండకు తట్టుకునేలా ఉన్న పక్షి. దాని ఈకల నల్లని కొనలు ఎండ వేడిని పైపైనే ఆపేస్తాయి, లోపలి ఈకలు ఒంటిదాకా పోనివ్వవు. మరీ వేడెక్కితే నోరు తెరిచి రొప్పుతుంది. కాబట్టి ఒక చిన్న పరీక్ష పెట్టవచ్చు. చలికాలం ఉదయం, రొప్పడం ఏమీ లేని వేళలో నీళ్లు పట్టి చూడాలి. అప్పుడూ వచ్చి పడి, లేచి, పరుగెత్తి, మళ్లీ వచ్చిందంటే చల్లదనం ఒక్కటే కారణం కాదన్నమాట. నీళ్లాటలో స్నానమూ ఆటా కలిసే ఉంటాయని నా అంచనా. ఒకే పనిలో రెండు కారణాలు ఉండకూడదన్న నియమం ఏదీ లేదు.

గుండీలు, గాజులు, తాళంచెవులు పొడిచే అలవాటు మరో రకం. ఈము కుతూహలం జగమెరిగినది. ఆస్ట్రేలియా ఆదివాసులు ఈకలూ గుడ్డపీలికలూ ఉండలా చుట్టి చెట్టుకు వేలాడదీసి, చూడటానికి దగ్గరకు వచ్చిన ఈములను వేటాడేవారు. కానీ కుతూహలం వేరు, ఆట వేరు. ఈ తేడాను 1966లో కొరిన్ హట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లలను గమనించి చక్కగా చెప్పారు. కొత్త వస్తువు ఏమిటో, అది ఏం చేస్తుందో తెలుసుకోవడం అన్వేషణ. అదేమిటో తెలిశాక, దానితో నేను ఏం చేయగలనని చూడటం ఆట. కొత్త బకెట్‌ను మొదటి రోజు పొడిచి చూసే ఈము అన్వేషిస్తోంది. వారం తర్వాత అదే బకెట్‌ను తన్ని దొర్లించి, దాని వెంట పరుగెత్తే ఈము ఆడుతోంది.

పడిపోవడంలో అర్థం

ఇవన్నీ తీసేశాక కూడా మిగిలే గంతులున్నాయి. వాటిని విడివిడి ముక్కలుగా చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఆస్ట్రేలియాలో ఈముకు ఇద్దరు పెద్ద శత్రువులు: నేల మీద డింగో అనే అడవి కుక్క, ఆకాశంలో గద్ద జాతికి చెందిన పెద్ద వేటపక్షి. డింగో తల, మెడ మీదికి దూకుతుంది. అప్పుడు ఈము గాలిలోకి ఎగిరి తన్నుతుంది. ఆకాశం నుంచి దిగే శత్రువు ముందు ఎగరడం పనికిరాదు, క్షణానికో దిక్కు మారుస్తూ అడ్డదిడ్డంగా పరుగెత్తడం ఒక్కటే దారి. మన తోటలో ఈము సాయంత్రం చేసేది కచ్చితంగా ఈ రెండూ కలిపినదే. డింగో లేని దేశంలో పుట్టి, పొదిగే యంత్రంలో కళ్లు తెరిచి, ఏ వేటపక్షీ మీదికి రాని దొడ్డిలో పెరిగిన పక్షి ఒళ్లు ఆ రెండు విద్యలనూ మరవలేదు. అనంతపురం నేలలో ఇది చూడటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

మరి పడిపోవడం? శత్రువు ఎదుట పడిపోతే చావే కదా. దీనికి నాకు బాగా నచ్చిన వివరణ 2001లో మారెక్ స్పింకా, రూత్ న్యూబెరీ, మార్క్ బెకాఫ్ ఇచ్చినది. ఆట అంటే తెలిసిన కదలికల సాధన మాత్రమే కాదని, అనుకోనిది జరిగినప్పుడు ఎలా తేరుకోవాలో నేర్చుకోవడమని వారంటారు. అందుకే ఆడే జంతువు కావాలనే తన అదుపు తానే తప్పించుకుంటుంది. తూలుతుంది, పడుతుంది, తల విసురుతుంది, ఆ స్థితి నుంచి లేవడం నేర్చుకుంటుంది. వారు చెప్పింది ప్రధానంగా క్షీరదాల గురించి. అయినా రెండే కాళ్ల మీద, పొడవాటి మెడతో, అంత వేగంతో పరుగెత్తే ప్రాణికి కాలు జారితే లేవడం కంటే అవసరమైన విద్య ఏముంటుంది?

చిన్న మెదడు సంగతి కూడా మునుపటంత గట్టి అభ్యంతరం కాదు. ఆట మీద బుర్గార్ట్ వాదన తెలివి చుట్టూ కాక మిగులు చుట్టూ తిరుగుతుంది. తిండి, భద్రత, ఒంట్లో శక్తి అవసరాన్ని మించి ఉన్నప్పుడు ఆటకు చోటు దొరుకుతుంది. వాషింగ్టన్ జంతుప్రదర్శనశాలలో ఒక నైలు తాబేలు బంతిని తోసి ఆడుకోవడం ఆయన బృందమే నమోదు చేసింది. మొసళ్లు నీటి వాలులో జారడం, వస్తువులతో ఆడుకోవడం గురించి 2015లో వ్లాదిమిర్ డినెట్స్ రాశారు. బతికున్నవాటిలో పక్షులకు అతి దగ్గరి చుట్టాలు మొసళ్లే. పైగా ఈము తెలివి గురించి మన అంచనా కూడా మారుతోంది. ఒక చక్రాన్ని తిప్పి దాని రంధ్రాన్ని తిండి ఉన్న అర ఎదుటికి తెచ్చే చిక్కును ఈములు విప్పగలిగాయని, నిప్పుకోళ్లు విప్పలేకపోయాయని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025లో ప్రచురించారు. చూసినవి కొద్ది పక్షులే కాబట్టి దీన్నిబట్టి పెద్ద తీర్మానాలు చేయలేం. ఈము ఏమీ నేర్చుకోలేని పక్షి అన్న మాట మాత్రం ఇక చెల్లదు.

మిగులు అన్న ఈ ఆలోచన నన్ను మన దొడ్ల దగ్గరకు తీసుకొస్తుంది. అడవిలో గుడ్లు పొదిగేది మగ ఈము. దాదాపు 8 వారాలు తిండీ నీళ్లూ లేకుండా గూటి మీదే కూర్చుని, ఒంటి బరువులో మూడో వంతు కోల్పోతుంది. పిల్లలు బయటికి వచ్చాక అయిదారు నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైగా వాటిని వెంటేసుకుని తిరుగుతుంది, దగ్గరకు వచ్చిన దేన్నైనా తరిమికొడుతుంది. చారల చారల పిల్లలు నిశ్చింతగా గంతులేయగలిగేది తండ్రి తల ఎత్తి నాలుగు దిక్కులూ చూస్తూ ఉండటం వల్లే. యంత్రంలో పొదిగించిన పిల్లకు ఆ తండ్రి లేడు. ఆ కాపలా పని కంచె చేయాలి, పెంచే మనిషి చేయాలి. కుక్కలు చుట్టూ తిరిగే దొడ్డిలో, దాణా అరకొరగా పడే దొడ్డిలో పిల్లలు ఆడకపోతే అవి మందమతులు కావు, వాటికి తీరిక దొరకలేదు.

ఆటకు చోటు ఇవ్వడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. చదరపు దొడ్డికంటే అంతే వైశాల్యంలో పొడవాటి దొడ్డి మేలు, పరుగుకు దూరం దొరుకుతుంది. ఎదిగే పిల్లలకు ఇది మరీ అవసరం. బాగా మేపి, పరుగు లేకుండా ఇరుకులో ఉంచిన పిల్లల్లో కాళ్లు మెలితిరగడం ఈ జాతి పెంపకంలో తరచూ కనిపించే సమస్య. నున్నటి గచ్చు మీద కాళ్లు పక్కలకు జారిపోతాయి కాబట్టి మట్టినేల ఉండాలి. అడ్డదిడ్డంగా పరుగెత్తే పక్షికి ముళ్లకంచె ప్రమాదం, జాలీ కంచె వేయాలి. అన్నిటికంటే ముఖ్యంగా ఆడుకునే నేలను ముందు వెతికి శుభ్రం చేయాలి. ఈము గింజలు నూరుకోవడానికి రాళ్లు మింగే పక్షి. అదే అలవాటుతో మేకులు, గాజుపెంకులు, తీగముక్కలు, నట్లు కూడా మింగేస్తుంది. బోరు మోటారు మరమ్మతు చేసిన చోట, డ్రిప్పు పైపులు కోసిన చోట ఇలాంటివి రాలి ఉంటాయి. పిల్లలను ఆ వైపు వదిలే ముందు ఒక మనిషి అయస్కాంతం పట్టుకుని నేలంతా తిరిగి ఇనుప ముక్కలు ఏరేయాలి. గాజు అయస్కాంతానికి అంటదు కాబట్టి దాన్ని వంగి చేత్తోనే ఏరాలి.